అప్‌డేట్: మాఫీ అయిన బిజినెస్ లోన్, ఫారం 982, ఓవెన్ బేసిస్

అందరికీ థ్యాంక్స్. గుర్తుచేస్తాను: టెక్సాస్‌లో నా సొంత కేటరింగ్ వ్యాపారం మీదున్న 38,000 డాలర్ల లోన్‌ను బ్యాంకు మాఫీ చేసి, మాఫీ అయిన అప్పును చూపే 1099-సి పన్ను ఫారం పంపింది. అదంతా పన్ను పడే ఆదాయమేనా, ఓవెన్, వ్యాన్‌ల బేసిస్ (పన్ను లెక్కలో వాటి విలువ: కొన్న ధరలోంచి తరుగుదల తీసేయగా మిగిలింది) అంత మేరా తగ్గించాలా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను.

నా సీపీఏ (అకౌంటెంట్) మొదట అప్పు మాఫీలపై ఐఆర్ఎస్ (అమెరికా పన్ను శాఖ) ఇచ్చే పబ్లికేషన్ 4681లోని వర్క్‌షీట్ నింపించారు. మాఫీకి సరిగ్గా ముందు నా అప్పులు 1,42,000, ఆస్తులు మార్కెట్ ధరలో 96,000. అంటే 46,000 మేర ఇన్‌సాల్వెంట్ (ఆస్తులకు మించిన అప్పులు). కాబట్టి 38,000 మొత్తం ఆదాయంలో కలపలేదు; ఈ మినహాయింపు చూపే ఫారం 982లో ఇన్‌సాల్వెన్సీకి ఉన్న 1బి గడిలో టిక్, రెండో లైన్‌లో మొత్తం, అంతే. 401కె (రిటైర్మెంట్ పొదుపు ఖాతా) లెక్కలో వదిలేయమన్నారు ఇక్కడ ఒకరు. అది తప్పు, ఆస్తుల్లో కలపాల్సిందే. కలిపాకే ఈ లెక్క.

అసలు ఊరట బేసిస్ దగ్గర. ఇలా ఆదాయంలో కలపని మొత్తానికి బదులుగా పాత నష్టాలు, క్రెడిట్లు, బేసిస్ లాంటి పన్ను ప్రయోజనాలను తగ్గించుకోవాలి. నాకు పాత నష్టాలు, క్రెడిట్లు ఏవీ లేవు కాబట్టి కోత నేరుగా బేసిస్ మీదకే వచ్చింది. కానీ మాఫీ తర్వాత మిగిలిన అప్పులను మించి ఎంత బేసిస్ ఉంటే అంతవరకే తగ్గించాలట. నాకు మిగిలిన అప్పులు 1,04,000, డబ్బుతో సహా అన్నిటి బేసిస్ 81,000. తగ్గింపు సున్నా! ఓవెన్ తరుగుదల యథాతథం. ఫారం ఐదో లైన్‌లోని ఎలక్షన్ (తరుగుదల ఉండే ఆస్తుల బేసిస్‌నే ముందు తగ్గించే ఐచ్ఛికం) తీసుకుని ఉంటే ఈ పరిమితి పోయేదట, అందుకే అది ఖాళీగా వదిలేశాం.

రియల్ ప్రాపర్టీ (భూమి, భవనాల మీది వ్యాపార అప్పు) మినహాయింపు గురించి ఇక్కడ చాలా చర్చ జరిగింది కదా, నా లోన్ పరికరాల మీదది కాబట్టి అది వర్తించలేదు.