కృష్ణలో ఏరిన గులకరాళ్లతో లాకెట్ చేయడం ఎలా? తడిగా ఉంటే మెరుస్తున్నాయి, ఆరితే వెలవెలబోతున్నాయి

గుంటూరు_గులక:
నమస్తే అండీ. ఎండాకాలం కృష్ణలో నీళ్లు తగ్గాక అమరావతి వైపు వెళ్లినప్పుడల్లా గులకరాళ్లు ఏరుకొచ్చే అలవాటు నాది. బకెట్ నిండిపోయింది, మా అమ్మ ఏ రోజు పారబోస్తుందోనని టెన్షన్. తేనెరంగువి, ఇటుకరంగువి, నల్లటి రాయి మీద తెల్లగీతలు ఉన్నవి, ఇలా రకరకాలున్నాయి. నీళ్లలో ఉన్నంతసేపు కళ్లు చెదిరిపోతాయి, ఆరబెడితే మాత్రం ఒక్కదానికీ కళ ఉండదు. ఒకాయన వార్నిష్ కొట్టమన్నాడు, నాకు మనసొప్పలేదు. మా చెల్లికి ఒక లాకెట్, కుదిరితే చెవులకి జత చేసి ఇద్దామని ఉంది. పెద్ద మెషిన్ కొనే ఆలోచన లేదు. ఏ రాయి పనికొస్తుంది, చేత్తో సానబెట్టొచ్చా, బెజ్జం ఎలా వేయాలి? చేసినవాళ్లు చెప్పండి.

పలుగురాయి:
వార్నిష్ వద్దన్నారు, మంచి పని చేశారు. ఆరాక కళ ఎందుకు పోతుందంటే, నదిలో దొర్లి దొర్లి రాయి పైన కంటికి కనపడనంత సన్నటి గుంటలు పడతాయి. వెలుతురు వాటి మీద పడి చెదిరిపోతుంది. తడిపితే ఆ గుంటలు నీళ్లతో నిండి నున్నగా అవుతాయి కాబట్టి లోపలి రంగు బయటపడుతుంది. సానబెట్టడమంటే ఆ గుంటల్ని పెద్దవాటి నుంచి చిన్నవాటికి తగ్గించుకుంటూ పోవడమే.

అసలు పని రాయి ఎంచుకోవడంలో ఉంది. స్టీలు కత్తి మొనతో రాయిని గట్టిగా గీకండి. గీత పడి తెల్లపొడి రాలితే పక్కన పెట్టేయండి. మంచి రాయి అయితే గీత పడదు సరికదా, కత్తి లోహమే రాయి మీద బూడిదరంగు గీతలా అంటుకుంటుంది, రుద్దితే పోతుంది. రాళ్ల గట్టిదనానికి 1 నుంచి 10 వరకు మోస్ అనే కొలత ఉంది, దాని మీద పలుగురాయి జాతిది 7, కత్తిది సుమారు 5.5, సున్నపురాయిది 3. మీరు చెప్పిన నల్లరాళ్లు, తెల్లగీతలవి, పల్నాటి సున్నపురాయి ముక్కలని నా అనుమానం. గీకిన చోట రెండు చుక్కలు నిమ్మరసం వేయండి, బుడగలొస్తే అదే. వాటికీ మెరుపు వస్తుంది గానీ మెడలో వేసుకుంటే చెమటకీ రాపిడికీ త్వరగా పోతుంది.

తేనెరంగువి ఎండకి ఎదురుగా పట్టి చూడండి. అంచుల్లోంచి వెలుతురు దిగితే అగేట్, అంటే మనవాళ్లు హకీక్ అనేది. వెలుతురు అసలు దూరకుండా, పైన నున్నగా, గింజలు కనపడకుండా ఉంటే జాస్పర్. కృష్ణ పుట్టేదే పడమటి కనుమల్లోని దక్కన్ బసాల్ట్‌లో కదా, సుమారు 6.6 కోట్ల ఏళ్ల నాడు గడ్డకట్టి ఆ బసాల్ట్ రాయిగా మారిన లావాలో గాలిబుడగల ఖాళీల్లోకి సిలికా, అంటే పలుగురాయిలో ఉండే పదార్థమే, చేరి గట్టిపడితే అగేట్ అయింది. నది దాన్ని ఇంతదూరం మోసుకొచ్చింది. గోదావరిలోనూ ఇంతే.

ఇంకోటి, పగుళ్లు చూడాలి. రాయిని తడిపి నీడలో పెట్టి గమనించండి. పైనంతా ఆరిపోయినా ఎక్కడో సన్నగా వెంట్రుకంత నల్లగీత మిగిలిందంటే అక్కడ పగులుంది, నీళ్లు పట్టుకుంది. అలాంటిది సగం పనిలో రెండుముక్కలవుతుంది.

మేస్త్రీ_బాపట్ల:
మాది గ్రానైట్ పని. చేత్తో అవుతుంది బ్రో, కానీ ఓపిక కావాలి. రాయికి కొత్త ఆకారం ఇవ్వాలని చూడకు, నది ఇచ్చిన గుండ్రం అలాగే ఉంచి పైముఖం ఒక్కటి మెరిపించు చాలు. అగేట్‌ని ఉత్త గరుకు కాగితంతో అరగదీయాలంటే చేతులు పడిపోతాయి. మేం గ్రానైట్ అంచులకి వాడే డైమండ్ పాలిషింగ్ ప్యాడ్లు హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతాయి, 50, 100, 200, 400, 800, 1500, 3000 అని నంబర్లుంటాయి. ప్యాడ్‌ని పళ్లెంలో నీళ్లలో పెట్టి రాయిని దానిమీద గుండ్రంగా తిప్పుతూ రుద్దు. 100తో మొదలెట్టు. నంబరు మార్చే ముందు రాయిని కడిగి, తుడిచి, బల్బు కింద వాలుగా పట్టి చూడు, ముందు నంబరు గీతలు ఒక్కటి కూడా ఉండకూడదు. తొందరపడి 200 నుంచి 1500కి దూకావంటే ఆ లోతు గీతలు మెరుపులో ఇంకా బాగా కనపడతాయి, మళ్లీ వెనక్కి రావాల్సిందే. 3000 అయ్యాక సీరియం ఆక్సైడ్ పొడి నీళ్లలో కలిపి తోలు ముక్క మీద రుద్దితే అద్దం. సున్నపురాయికైతే కార్ల పెయింటింగ్ వాళ్లు వాడే వాటర్ పేపర్ సరిపోద్ది.

టంబ్లర్_తాత:
బకెట్ నిండా ఉన్నాయంటున్నారు కాబట్టి టంబ్లర్ సంగతి కూడా ఆలోచించండి. చిన్న డ్రమ్ము, దాంట్లో రాళ్లు, సిలికాన్ కార్బైడ్ పొడి, నీళ్లు. రాత్రీపగలూ తిరుగుతూ ఉంటుంది. ముతక పొడితో ఓ వారం, తర్వాత సన్నపొడి, ఇంకా సన్నపొడి, చివర పాలిష్, మొత్తం నెల దగ్గర పడుతుంది. మెత్తరాయి గట్టిరాయి కలిపి వేస్తే మెత్తవి అరిగిపోతాయి. ప్రతి దశకీ మధ్య డ్రమ్మునీ రాళ్లనీ శుభ్రంగా కడగాలి. ఆ కడిగిన బురద మాత్రం సింకులో పోయొద్దు, పైపులో గట్టిపడి కూర్చుంటుంది. చప్పుడికి ఇంట్లోవాళ్లు తిడతారు, అది మీ ఇష్టం.

వెండిపని:
మేస్త్రీ గారూ, పాలిష్ వరకు మీ మాటే. ఆభరణం దగ్గరికొస్తే బెజ్జం వద్దండీ. అగేట్‌కి డైమండ్ బిట్టు, నీళ్లలో ముంచి మెల్లగా వేయాలి, అయినా అవతలి వైపు బయటికొచ్చేటప్పుడు పెచ్చు లేస్తుంది. వెనకవైపు చదునుగా అరగదీసి, ముందు భాగం ఉబ్బెత్తుగా ఉంచి, మందం 5 మిల్లీమీటర్ల దగ్గర పెట్టుకుంటే ఏ కంసాలైనా చుట్టూ వెండి అంచు కట్టి పొదిగిస్తాడు. అంచు ముందే అతికించుకుని రాయి చివర్లో పెట్టమనండి, రాయికి మంట తగిలితే పగిలిపోతుంది. రాయి చిన్నదై చేతికి చిక్కకపోతే పుల్ల చివర లక్క వేడిచేసి అంటించి పట్టుకోండి, పని అయ్యాక ఫ్రిజ్‌లో పెడితే ఊడొస్తుంది. చెవులకి చేసేటప్పుడు రంగు కంటే బరువు చూడండి, లేకపోతే చెవి సాగుద్ది.

పలుగురాయి:
దుమ్ము మాట ఎవరూ చెప్పలేదే. అగేటంటే దాదాపు అంతా సిలికానే. గుజరాత్ ఖంభాత్‌లో తరతరాలుగా అగేట్ సానబెట్టే కార్మికుల్ని సిలికోసిస్, అంటే సిలికా దుమ్ము పీల్చితే ఊపిరితిత్తులకి వచ్చే జబ్బు, పీల్చి పిప్పి చేసింది, వస్తే నయమయ్యేది కాదు. పొడిగా ఒక్కసారి కూడా రుద్దకండి, గ్రైండర్ పెట్టినా నీళ్లు పడుతూనే ఉండాలి, ఎన్95 మాస్కు పెట్టుకోండి, ఆరిన బురదని ఊడవకండి, తడిగుడ్డతో తుడవండి.

ఇసుక తవ్విన గోతులు నీళ్లకింద కనపడవు, మోకాలి లోతనుకుని దిగితే అంతే సంగతులు, ఏరేటప్పుడు ఒడ్డునే ఏరండి. అమ్మకానికి ట్రాక్టర్లతో తోలాలంటే గనుల శాఖ అనుమతి కావాలి, జేబు సరుకుకి ఆ బాధ లేదు. కానీ గోదావరి వైపు వెళ్తే పాపికొండల నేషనల్ పార్కులో మాత్రం ఏమీ తీయకండి.

గుంటూరు_గులక:
అందరికీ థాంక్సండీ. నిమ్మరసం వేశాను, నల్లవన్నీ బుసబుసలాడాయి, తెల్లగీత మీద ఇంకా ఎక్కువ. తేనెరంగువాటిలో రెండిట్లో వెలుతురు బాగా దిగుతోంది, కత్తి గీత పడలేదు. చెల్లికి ఎరుపు ఇష్టం, తేనెరంగుని ఎర్రగా మార్చే మార్గం ఏదైనా ఉందా? రంగు అద్దడం కాకుండా.

పలుగురాయి:
ఉంది. ఖంభాత్‌లో చేసేది అదే, రాళ్లని ఎండలో బాగా ఎండబెట్టి, కుండల్లో పెట్టి నిదానంగా కాలుస్తారు. రాయిలో ఉన్న ఇనుము వేడికి మారి ఎరుపు తిరుగుతుంది. ఇంట్లో గ్యాస్ పొయ్యి మీద మాత్రం పెట్టకండి, లోపల తేమ ఉంటే పేలి కంట్లో పడుతుంది. ఆ రెండూ తేనెరంగుగానే కానివ్వండి, ఎరుపు కావాలంటే మీ బకెట్‌లో ఇటుకరంగు జాస్పర్ వెతకండి.