ఎక్స్‌కవేటర్ ఇంజన్ బోరుకొచ్చింది: విప్పి చేయించడమా, మార్చేయడమా?

ప్రశ్న (యంత్రం యజమాని):
మా 20 టన్నుల ఎక్స్‌కవేటర్ 11,000 గంటలు దాటింది. ఇంజన్ ఆయిల్ తాగుతోంది, బ్రీదర్ (ఇంజన్ లోపలి ఆవిరి బయటకు పోయే గొట్టం) నుంచి పొగ ఎగదన్నుతోంది. హైడ్రాలిక్ పంపు, చైన్లు బాగున్నాయి. ఇంజన్ బాగుచేయించాలా, మార్చాలా?

మొదటి సభ్యుడు:
మార్చడమే మేలు. పాతది ఇచ్చి తీసుకునే, కంపెనీ పునరుద్ధరించిన ఎక్స్ఛేంజి ఇంజన్ టెస్ట్ బెంచిపై నడిచి, వారంటీతో వస్తుంది. విప్పిన ఇంజన్ విడిభాగాల కోసం ఎదురుచూస్తూ ఎన్నాళ్లు పడి ఉంటుందో ఎవరూ చెప్పలేరు.

రెండవ సభ్యుడు:
యంత్రం నిలిచిపోతే కలిగే నష్టాన్ని నేను కాదనను. కానీ ఇంజన్ ఎందుకు అరిగిందో తేలకుండా మార్చితే, కొత్తది కూడా అదే దారి పడుతుంది. ముందుగా ఎయిర్ ఫిల్టర్ దాటిన తరువాతి గొట్టం లోపల వేలితో తుడిచి చూడండి. సన్నని దుమ్ము అంటిందంటే పిస్టన్ రింగులను తిన్నది గంటల లెక్క కాదు, ఎక్కడో వదులైన క్లాంపు. తరువాత, మీది వెట్ లైనర్ ఇంజన్ (పిస్టన్ ఆడే గొట్టం, అంటే లైనర్, చుట్టూ కూలెంట్ నేరుగా తగిలేది) అయితే, లైనర్లను బయటకు తీసి నీరు తగిలే వైపు పరిశీలించండి. సూదితో పొడిచినట్లు గుంతలు ఒకే పక్కన గుంపుగా ఉంటే అది కూలెంట్‌ను నిర్లక్ష్యం చేసిన ఫలితం. ఉత్త నీళ్లు పోసి నడిపే వారికి ఈ దృశ్యం కొత్తేమీ కాదు. బ్లాకులో పగుళ్లు లేకుండా, మెయిన్ బోరు (క్రాంక్ షాఫ్ట్ కూర్చునే రంధ్రాలు) వరుస తప్పకుండా, క్రాంక్ షాఫ్ట్ కొలతలు పరిమితిలో ఉంటే, లైనర్లు, పిస్టన్లు, రింగులు, బేరింగులు మార్చి హెడ్డు పని చేయించడమే సరైన మార్గమని నా అభిప్రాయం. బ్లాకు పగిలితే వాదనే లేదు, మార్చవలసిందే. అయితే పగిలిన బ్లాకు తిరిగి ఇస్తే ఎక్స్ఛేంజిలో పాత ఇంజన్‌కు పూర్తి విలువ కట్టకపోవచ్చు. ఆ షరతును ముందే చదువుకోండి.

మొదటి సభ్యుడు:
కొలవాలన్న మాట ఒప్పుకుంటాను, కొలిచేవారు దొరకాలి కదా? లైనర్ అంచు బ్లాకుపైన ఎంత ఎత్తులో నిలవాలో డయల్ గేజితో చూడకుండా హెడ్డు బిగించే చోట చేయించిన పని గాస్కెట్ కాలిపోయేదాకానే.

రెండవ సభ్యుడు:
అలాంటి చోటైతే నేనూ మార్చమనే చెబుతాను. బేరింగు కొట్టుకుపోయిన ఇంజన్ అయితే మాత్రం, ఏ దారి పట్టినా ఆయిల్ కూలర్‌ను కొత్తది వేయించండి. దాని సందుల్లో చిక్కుకున్న లోహపు పొడి ఎంత కడిగినా పూర్తిగా పోదు.