న్యూయార్క్ ఆర్డరు, టెక్సస్‌లో బాబు, కాలిఫోర్నియాలో తండ్రి: చైల్డ్ సపోర్ట్ 18 దాకానా, 21 దాకానా?

నీలాంబరి: మా విడాకులు న్యూయార్క్‌లో అయ్యాయి, చైల్డ్ సపోర్ట్ ఆర్డరూ అక్కడిదే. తర్వాత నేను బాబుతో టెక్సస్ వచ్చేశాను, ఆయన కాలిఫోర్నియా వెళ్ళారు. బాబుకి వచ్చే నెల 18 నిండుతాయి. "టెక్సస్‌లో 18కే అయిపోతుంది, ఇక పంపను" అని మెసేజ్ పెట్టారు. ఇప్పటికే ఐదు నెలల బాకీ ఉంది. ఆయన చెప్పేది నిజమేనా? నేను ఏ రాష్ట్రంలో అడగాలి?

లెక్కల మాస్టారు: నిజం కాదమ్మా. ఎన్నేళ్ళ దాకా కట్టాలన్నది ఆర్డరు ఇచ్చిన రాష్ట్రం చట్టాన్ని బట్టే. న్యూయార్క్‌లో 21. మీరిద్దరూ ఎక్కడికి మారినా అది మారదు. దీనికి యూఐఎఫ్ఎస్ఏ (యూనిఫామ్ ఇంటర్‌స్టేట్ ఫ్యామిలీ సపోర్ట్ యాక్ట్) అని రాష్ట్రాలన్నిటికీ ఉమ్మడి చట్టం ఉంది. 1992లో రాశారు, 1998 కల్లా అన్ని రాష్ట్రాలూ తెచ్చుకోవాలని ఫెడరల్ ప్రభుత్వం పట్టుబట్టింది. అంతకు ముందు ఒకే పిల్లాడి మీద రెండు రాష్ట్రాల్లో రెండు ఆర్డర్లు, రెండు అంకెలు ఉండేవి.

ఒంటరి బాటసారి: 18 నిండితే ఓటేస్తాడు, సైన్యంలో చేరతాడు. నాన్న జేబు దగ్గరికి వచ్చేసరికి మాత్రం పసిపిల్లాడు! నాది న్యూజెర్సీ ఆర్డరు, పాప ఉండేది టెక్సస్‌లో. దాని క్లాస్‌మేట్ల నాన్నలకి 18కో, హైస్కూల్ అయ్యాకో ఆగిపోతుంది. నాకు 19. ఇదేం న్యాయం?

డల్లాస్ పిన్ని: ఆవిడ అడిగింది చట్టం నాయనా, న్యాయం కాదు.

లెక్కల మాస్టారు: న్యూయార్క్‌లో సైన్యంలో చేరితే నిజంగానే ఆగిపోవచ్చు, పెళ్ళి చేసుకున్నా అంతే. పుట్టినరోజు వచ్చినంత మాత్రాన కాదు.
నీలాంబరి గారూ, డబ్బు రాబట్టడానికి మీ దగ్గర రెండు దారులున్నాయి. జీతంలో కోత పెట్టమనే ఆర్డరును ఆయన కంపెనీకి నేరుగా పంపించవచ్చు, దానికి కాలిఫోర్నియా కోర్టు అక్కర్లేదు. లేదా టెక్సస్ అటార్నీ జనరల్ ఆఫీసులోని చైల్డ్ సపోర్ట్ విభాగం ద్వారా ఆ ఆర్డరును కాలిఫోర్నియాలో రిజిస్టర్ చేయించండి. అభ్యంతరం చెప్పడానికి ఆయనకు సాధారణంగా 20 రోజులే ఉంటాయి. బాకీ 2,500 డాలర్లు దాటితే అమెరికా పాస్‌పోర్టు కూడా ఆపుతారు. హెచ్‌1బీ వాళ్ళకి ఆ పాస్‌పోర్టే ఉండదనుకోండి, అది వేరే సంగతి.

నీలాంబరి: సిటిజెనే. మరి మొత్తం పెంచమని అడగాలంటే?

లెక్కల మాస్టారు: ఇద్దరూ న్యూయార్క్ వదిలేశారు కాబట్టి, అడిగేవాళ్ళు అవతలి వాళ్ళ ఊరికి వెళ్ళాలి. మీరు పెంచమంటే కాలిఫోర్నియాలో, ఆయన తగ్గించమంటే టెక్సస్‌లో. అంకె మారవచ్చు, 21 మాత్రం మారదు.

ఖాళీ జేబు: ఉద్యోగం పోతే వెంటనే పిటిషన్ వేయండి బాబూ. నేను ఎనిమిది నెలలు "తర్వాత మాట్లాడుకుందాంలే" అని ఊరుకున్నాను. 1986 నుంచి ఉన్న ఫెడరల్ రూలు ప్రకారం పేరుకున్న బాకీని ఏ జడ్జీ వెనక్కి వెళ్ళి తగ్గించలేడట. ఇప్పటికీ కడుతున్నాను.

ఒంటరి బాటసారి: చూశారా? అన్నీ తండ్రికే. ఒకటో తారీఖున డబ్బు పడకపోతే ఆఫీసులు, కోర్టులు, పాస్‌పోర్టు. ఎండాకాలం సెలవులకి పాపని పంపకపోతే ఒక్క ఆఫీసూ కదలదు.

నీలాంబరి: ఆయనను కలవద్దని నేను ఎప్పుడూ అనలేదు. బాబు ఫీజు అడిగితే మీరంతా సెలవుల గురించి ఎందుకు మాట్లాడతారు?

ఒంటరి బాటసారి: మీరంతా ఇలాగే అంటారు. ఫోన్ ఛార్జింగ్ లేదు, పడుకుంది, డ్యాన్స్ క్లాసు ఉంది...

నీలాంబరి: నేను మీ మాజీ భార్యను కాదండీ!

డల్లాస్ పిన్ని: ఇద్దరూ కాసేపు నీళ్ళు తాగండి.

ఒంటరి బాటసారి: సారీ. ఆరేళ్ళలో ఒక్క నెల తప్పలేదు. పాప గొంతు విని మాత్రం నాలుగు నెలలైంది. అందుకే 19 అన్నా 18 అన్నా ఒళ్ళు మండుతుంది. పంపడం ఆపేస్తే అయినా ఫోన్ చేస్తుందేమోనని అనిపిస్తుంది.

లెక్కల మాస్టారు: ఆ పని మాత్రం చేయకండి. చూడనివ్వలేదు కాబట్టి కట్టనంటే ఏ కోర్టూ వినదు, అది యూఐఎఫ్ఎస్ఏలోనే రాసి ఉంది. పిల్లని కలిసే హక్కు వేరే ఫైలు, వేరే చట్టం. దాన్ని అమలు చేయమని మీరు ఎప్పుడైనా పిటిషన్ వేశారా?

ఒంటరి బాటసారి: టెక్సస్‌లో లాయర్‌ని పెట్టుకునే స్తోమత ఎక్కడుంది?

లెక్కల మాస్టారు: మీరు న్యూజెర్సీ వదలలేదు కదా? కస్టడీ ఆర్డరూ అక్కడిదే అయితే సాధారణంగా ఆ అధికారం ఇంకా న్యూజెర్సీ కోర్టుదే. మీ కౌంటీలోనే వేయండి.

ఒంటరి బాటసారి: ఇక్కడేనా? ఆరేళ్ళుగా టెక్సస్ అనే అనుకున్నాను.

నీలాంబరి: ఫోన్ చేయించమని కూడా అందులోనే అడగండి, రోజూ టైముతో సహా. మా ఆయన అడిగితే నేను ఒప్పుకునేదాన్ని. ఆయన ఎప్పుడూ అడగలేదు.