అప్‌డేట్: ట్రైపాడ్ కొన్నాను, కోనసీమలో వాడి చూశాను

లెన్స్‌తో కలిపినా కిలో లేని మిర్రర్‌లెస్ కెమెరాకి, బస్సుల్లో తిరిగేటప్పుడు బ్యాగులో పట్టే ట్రైపాడ్ (మూడు కాళ్ల కెమెరా స్టాండ్) ఏది తీసుకోమంటారని అడిగాను కదా. ఎక్కువమంది కార్బన్ ఫైబర్, ఒకదాంట్లో ఒకటి దూరే నాలుగు సెక్షన్ల కాళ్లు అన్నారు. అదే కొన్నాను. ఐదు సెక్షన్లది ఇంకా చిన్నగా మడత పడుతుంది గానీ చివరి సెక్షన్ మరీ సన్నం. షాపులో వేలితో తడితేనే ఊగింది.

అంతర్వేదిలో వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోట గాలి గట్టిగా కొట్టింది. మధ్య రాడ్ పైకి లేపకుండా, కింద కొక్కేనికి బ్యాగు తగిలించాను. బ్యాగు గాల్లో ఊగితే కెమెరా కూడా కదులుతుంది, అందుకే అది నేలకి కాస్త ఆనేలా చూసుకోండి. 2 సెకన్ల టైమర్ పెడితే సాయంత్రం ఫొటోలు చక్కగా వచ్చాయి.

కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవుల్లో చెక్క వంతెన మీద మాత్రం ఎంత మంచి ట్రైపాడైనా ఒకటే. ఎవరు నడిచినా చెక్కలు అదురుతాయి, వాళ్లు దాటేదాకా ఆగాల్సిందే.

ఇసుక గురించి ఎవరూ చెప్పలేదు, కాబట్టి నేను చెబుతున్నాను. ఇసుకలో పెట్టేటప్పుడు ముందు అన్నిటికన్నా కింది సెక్షన్ పూర్తిగా లాగండి. అప్పుడు దాన్ని బిగించే లాక్ ఇసుకకి అందనంత పైన ఉంటుంది. నేను పైవి ముందు లాగిన ఒక కాలి లాక్ తిప్పుతుంటే గరగరలాడింది. ఇంటికొచ్చాక మంచినీళ్లతో కడిగి, లాకులు విప్పి ఆరబెట్టాను, మళ్లీ మెత్తగా తిరుగుతోంది. ఉప్పుగాలి తగిలిన రోజు ఈ పని మర్నాటికి వాయిదా వేయకండి.

సలహా ఇచ్చిన అందరికీ చాలా థాంక్స్.