స్కేటింగ్‌ను ‘జారడం’ అనవచ్చునా? ‘జారుకోవడం’ మాటేమిటి?

కావలివాసి (ప్రశ్న):
అందరికీ నమస్కారం. ఏడవ తరగతి చదువుతున్న మా అమ్మాయికి బడిలో ఒక ఇంగ్లీషు కథను తెలుగు చేయమని ఇచ్చారు. అందులో ఒక పిల్ల గడ్డకట్టిన చెరువు మీద స్కేటింగ్ చేస్తూ అవతలి గట్టుకు చేరుతుంది. ‘మంచు మీద జారుతూ వెళ్లింది’ అని మా అమ్మాయి రాసి చదివి వినిపించగా, పక్కన వత్తులు చేసుకుంటున్న మా అమ్మ ‘అయ్యో, దెబ్బ తగిలిందా?’ అని అడిగింది. సరైన మాట కోసం నిఘంటువు తెరిస్తే, స్కేట్ అన్న మాటకే శిక్ష తప్పించుకోవడం, పని ఎగ్గొట్టడం వంటి అర్థాలు కూడా కనిపించి ఇంకా తికమక పడ్డాను. తెలిసినవారు విడమరచి చెప్పగలరు.

ఒంగోలు మాస్టారు:
అయ్యా, నేను ఇంగ్లీషు బోధించి పదవీ విరమణ చేసినవాడిని. ఈ మాట 17వ శతాబ్దంలో డచ్చి భాష నుంచి ఇంగ్లీషులోకి వచ్చింది. అక్కడ ‘స్ఖాట్స్’ అన్నది ఏకవచనమే అయినా, ఇంగ్లీషువారు చివరి సకారాన్ని బహువచన ప్రత్యయంగా భ్రమపడి దానిని కత్తిరించి ‘స్కేట్’ చేసుకున్నారు. వాడుక అర్థాలకు వస్తే, ‘నీ స్కేట్లు తొడుక్కో’ అని బ్రిటన్‌లో అంటే ‘త్వరగా కానివ్వు’ అని అర్థం. అమెరికాలో నిందితుడు స్కేట్ అయ్యాడంటే శిక్ష పడకుండా బయటపడ్డాడని. అక్కడి సైనికుల మాటలో పని ఎగ్గొట్టి తిరగడమూ అదే. ఒక విషయం మీదుగా స్కేట్ చేయడమంటే దానిని పైపైన తడిమి దాటవేయడం. ‘పలుచని మంచు మీద స్కేటింగ్’ అన్న నుడికారాన్ని కొందరు ‘కత్తిమీద సాము’ అని అనువదిస్తారు గానీ, నాకది రుచించదు. కత్తిమీద సాములో నేర్పు ప్రధానం, ఇంగ్లీషు నుడికారంలో ముప్పును తెలిసి తెలిసి కొనితెచ్చుకోవడం ప్రధానం. కనుక ‘నిప్పుతో చెలగాటం’ అంటే దగ్గరగా ఉంటుంది.

పినాకిని, నెల్లూరు:
మాస్టారు గారు చెప్పిన అర్థాలలో కొన్నింటికి మన దగ్గర చక్కని మాట సిద్ధంగానే ఉంది. చందా పుస్తకం బయటికి తీయగానే సభలోనుంచి మెల్లగా లేచి వెళ్లినవాడిని ‘జారుకున్నాడు’ అంటాం కదా. ‘జారు’ అన్నది మన ప్రమేయం లేకుండా జరిగేది: పొలం గెనిమ (గట్టు) మీద కాలు జారుతుంది, కోపంలో నోరు జారుతుంది, అవకాశం చేజారుతుంది, కబురు విని గుండె జారుతుంది. దానికి ‘కొను’ చేరేసరికి అదే పని బుద్ధిపూర్వకమవుతుంది. కాలు జారినవాడిని చూసి జాలిపడతాం గానీ జారుకున్నవాడిని చూసి జాలిపడము. ‘చారు జారుగా ఉంటే తప్పులేదు గానీ చేపల పులుసు జారుగా ఉండకూడదు’ అని మా అత్తగారు అనే మాట వేరే సంగతి.

మీ అమ్మగారు దెబ్బ తగిలిందా అని అడగడానికీ కారణం ఇదే. మంచు పైపొర నీటివంటి అతి పలుచని పొరగా ఉంటుందని శాస్త్రవేత్త మైకేల్ ఫారడే 1850లోనే ఊహించారు. జారుడు గుణం ఆ పొరది. ముందుకు పోవడం మాత్రం మనిషి పని. బూటు కింది ఉక్కు పలక అంచును మంచులో ఒరగా ఆనించి పక్కకు నెడితే మనిషి ముందుకు సాగుతాడు. ఇంత ప్రయత్నమున్న పనిని ఉత్త ‘జారింది’ అంటే అన్యాయమే. అలాగని ‘జారుకుంది’ అంటే ఆ పిల్ల ఏదో తప్పు చేసి పారిపోయినట్టుంటుంది.

మైపాడు తీరం:
ఒక చిన్న హెచ్చరిక. ఇంగ్లీషులో స్కేట్ అనే చేప కూడా ఉంది. మన వలల్లో పడే టేకు చేపలకు అది దగ్గరి చుట్టం, అయితే టేకులు పిల్లలను కంటే అది గుడ్లు పెడుతుంది. ఆ పేరు ఉత్తర ఐరోపా వారి పాత భాష అయిన నార్స్ నుంచి వచ్చింది, మంచు జోడుతో దానికి పొత్తు లేదు. నిఘంటువులో రెండూ పక్కపక్కనే ఉంటాయి కనుక పాప చూసుకొని రాయాలి.

కావలివాసి:
అందరికీ కృతజ్ఞతలు. సైకిలును సైకిలన్నట్టే స్కేటింగ్‌ను ఆ పేరుతోనే ఉంచి, ‘స్కేటింగ్ చేస్తూ అవతలి గట్టుకు దూసుకుపోయింది’ అని మార్చాము. ఈసారి మా అమ్మ దెబ్బ సంగతి అడగలేదు. చెరువు గడ్డకడితే గొడ్లు నీళ్లెక్కడ తాగుతాయని అడిగింది.