జూనీ వెండి కడియాన్ని చింతపండుతో తోమాను, పగడాలు పాలిపోయాయి

ప్రశ్న (మిర్యాలగూడ)

అందరికీ నమస్కారం. మా చిన్నాయన 1980లలో అమెరికాలోని న్యూ మెక్సికోలో కొన్నేళ్లు ఉద్యోగం చేసి తిరిగి వచ్చినప్పుడు మా చిన్నమ్మకు ఒక వెండి కడియం తెచ్చారు. నిరుడు చిన్నమ్మ దాన్ని నా చేతిలో పెట్టింది. అది మన కడియంలా పూర్తిగా చుట్టుకొని ఉండదు, వెనుక వేలెడు సందు ఉంటుంది. ముందువైపు బియ్యపు గింజ కంటే కొంచెం పొడవైన ఎర్రటి పగడాలు మూడు వరుసలు ఉన్నాయి. ప్రతి గింజ రెండు కొనలూ సూదిగా ఉంటాయి, ఒక్కోదానికి ఒక్కో వెండి గూడు ఉంది. ఇది జూనీ అనే ఆదివాసుల చేతిపని అని చిన్నాయన చెప్పేవారట. లోపలివైపు ముద్ర మాత్రం లేదు.

నల్లబడిందని దీపావళికి ఇంటి వెండి సామానుతో పాటు దాన్నీ చింతపండు రసంలో అరగంట నానబెట్టి తోమాను. వెండి తెల్లగా మెరిసింది గానీ, పగడాల నిగనిగ పోయి సుద్దముక్కల్లా తయారయ్యాయి. ఒక గింజ ఊడి వచ్చింది. ఆ గూట్లో తడిసిన రంపపు పొట్టు కనిపించింది. ఒక దుకాణంలో చూపిస్తే, పొట్టు నింపారంటే ఇది నకిలీయేనని, రాళ్ల బరువు తీసేసి మిగిలిన వెండికి తులాల లెక్కన డబ్బిస్తామని అన్నారు. ఇది నిజంగా నకిలీయేనా? పగడాలకు మళ్లీ మెరుపు వస్తుందా? నా చేతికి కొంచెం బిగుతుగా ఉంది, వెడల్పు చేయించవచ్చా?

జవాబు 1 (దేవరకొండ, అవుసుల ఇంట పుట్టినవాడిని)

అమ్మా, ముందుగా మీ మూడో ప్రశ్నకు జవాబు చెబుతాను, ఎందుకంటే అక్కడ జరిగే నష్టాన్ని సరిచేయడం ఎవరి వల్లా కాదు: దాని మీద నిప్పు సోకనివ్వకండి. మా చుట్టుపక్కల తండాల నుంచి లంబాడా ఆడవాళ్లు తెచ్చే వెండి కడియాలను, రూపాయి బిళ్ళల దండలను మేము కుంపటి దగ్గర పెట్టి, వెలిగారం వేసి, అతుకు పెట్టి ఇచ్చేస్తాం, ఎందుకంటే వాటిలో చాలావరకు వెండి తప్ప మరేమీ ఉండదు. పగడాలు పొదిగిన వస్తువుకు అదే పని చేస్తే రాయి రంగు మారి, పగిలి, ఊడిపోతుంది. వంచి వెడల్పు చేయడం కూడా మంచిది కాదు. రాళ్లున్న భాగం కొద్దిగా వంగినా గూళ్లు సాగి గింజలు రాలుతాయి. మణికట్టు సన్నగా ఉండే పక్క నుంచి ఒక కొనను ముందు ఎక్కించి, తర్వాత చేతిని తిప్పుతూ తొడుక్కుంటే చాలాసార్లు బిగుతు అనిపించదు.

సుద్దముక్కల్లా అయ్యాయని మీరన్నది ఉపమానం కాదు, అక్షరాలా నిజం. పగడమూ సుద్దా రెండూ ప్రధానంగా కాల్షియం కార్బొనేటే. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం పగడం పైపొరను తినేసింది. నిమ్మకాయ, వెనిగర్ కూడా అదే పని చేస్తాయి. పోయిన పొర తిరిగి రాదు. రాళ్లు సానబట్టేవారు కింది పొరను నునుపు చేసి మెరుపు తేగలరు, కానీ ఇంత సన్నని గింజలను గూట్లో ఉండగానే సానబట్టడానికి ఎంతో ఓపిక కావాలి.

జవాబు 2 (వనపర్తి, ప్రస్తుతం అమెరికాలోని ఫీనిక్స్)

రంపపు పొట్టు చూసి నకిలీ అనడం తొందరపాటు మాట. అమెరికా నైరుతి ప్రాంతపు ఆదివాసీ పనివాళ్లు రాయి గూట్లో ఎత్తుగా, కదలకుండా కూర్చోవడానికి కింద పొట్టు పోయడం పాత అలవాటే. నానబెట్టగానే అది ఉబ్బి మీ గింజను పైకి నెట్టి ఉంటుంది. అందుకే ఆ వస్తువులను నీళ్లలో ముంచకూడదు.

జూనీల ఊరు న్యూ మెక్సికో పడమటి అంచున, గ్యాలప్ పట్టణానికి దక్షిణాన ఉంది. వెండిపని వాళ్లకు 1872 ప్రాంతంలో నవాహో అనే మరో ఆదివాసీ తెగ పనివాడి నుంచి అబ్బిందని చెబుతారు. అయితే రాళ్లు, గవ్వలు అరగదీయడంలో అంతకు ఎంతో ముందు నుంచే వాళ్లది ఆరితేరిన చేయి. నవాహో నగలో వెండి ముందు కనిపిస్తే, జూనీ నగలో రాయి ముందు కనిపిస్తుంది. మీరు వర్ణించిన రెండు కొనల సూది గింజల పనిని నీడిల్‌పాయింట్ అంటారు. ఒక కొన గుండ్రంగా ఉంటే దాన్ని పెటీపాయింట్ అంటారు. ప్రతి గింజనూ విడిగా అరగదీసి, దాని కొలతకే గూడు కట్టాలి కాబట్టి, తులాల లెక్క కట్టిన ఆ దుకాణదారు అసలు పనికి ఒక్క పైసా కూడా విలువ కట్టలేదు.

పగడం అక్కడిది కాదు, మధ్యధరా సముద్రం నుంచి వెళ్లింది. మన దక్షిణాదికీ ఒకప్పుడు అక్కడి నుంచే వచ్చేది. పదిహేడు, పద్దెనిమిదో శతాబ్దాల్లో వర్తకులు మద్రాసు రేవులో పగడాలు దించి, బదులుగా వజ్రాలు కొనుక్కుని వెళ్లేవారు.

ముద్ర లేదని బెంగపడకండి. పేరో పొడి అక్షరాలో చెక్కే అలవాటు 1970ల నుంచే విస్తరించింది. అంతకు ముందువి చాలావరకు ముద్ర లేనివే. అలాగని ముద్ర లేనిదల్లా జూనీ పని అయిపోదు. ఆదివాసుల పని కానిదాన్ని వాళ్లదని చెప్పి అమ్మడం అక్కడ 1990 నాటి చట్టం ప్రకారం నేరం, మొదటిసారికే అయిదేళ్ల వరకు జైలు పడవచ్చు. అయినా నకిలీలు ఆగలేదు. మీకు ఒక మేలు జరిగింది, పరీక్షించడానికి గింజ ఒకటి విడిగా దొరికింది. భూతద్దంతో చూస్తే అసలు పగడంలో నిలువునా వెంట్రుకల్లాంటి సన్నని గీతలు కనిపిస్తాయి. అసిటోన్‌లో (గోళ్ల రంగు తుడిచే ద్రవం) ముంచిన దూదితో దాని అడుగున రుద్దితే, అద్దిన రంగయితే దూదికి అంటుతుంది.

జవాబు 3 (మహబూబ్‌నగర్)

నాదొక సందేహం. కుజదోషానికి పగడపు ఉంగరం వేసుకోమని మా అమ్మాయికి చెప్పారు. ఇలాంటి నగలోని పగడాన్ని తీసి వాడవచ్చా?

జవాబు 2 వ్రాసినవారు

దయచేసి ఆ పని చేయకండి. మన ఉంగరంలో రాయి వేలికి తగలాలని అడుగు తెరిచి ఉంచుతారు, జూనీ గూడుకు అడుగున వెండి రేకు మూసి ఉంటుంది. పైగా ఈ గింజ ఒక్కొక్కటి రతి బరువుకు కూడా రాదు. దాన్ని పీకితే ఉంగరమూ కాదు, కడియమూ మిగలదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ఊడిన గింజను భూతద్దంతో చూశాను, నిలువు గీతలు కనిపించాయి. అసిటోన్ దూదికి రంగు అంటలేదు. పగడం అసలుదేనని ధైర్యం వచ్చింది. పాలిపోయిన మెరుపు మాట తర్వాత చూసుకుంటాను, ముందు ఆ గింజ దాని గూట్లో కూర్చుంటే చాలు. దేవరకొండ అన్నగారూ, మీరు చేసిపెట్టగలరా?

జవాబు 1 వ్రాసినవారు

చేస్తానమ్మా. ఈ వారమంతా కడియాన్ని ఎండలో కాకుండా నీడలో ఆరనివ్వండి, లోపలి పొట్టు పూర్తిగా పొడి కావాలి. తర్వాత గూట్లో కొత్త పొట్టు వేసి, గింజ కూర్చి, అంచును నిప్పు లేకుండా ఒత్తితే నిలబడుతుంది. గింజను దూది వేసిన డబ్బాలో పెట్టి తెండి. అంతవరకు మెత్తటి పొడిగుడ్డ తప్ప ఇంకేదీ దానికి తగలనివ్వకండి. గూళ్ల సందుల్లో మిగిలిన నలుపును కూడా అలాగే వదిలేయండి, పనితనం కళ్లకు కనిపించేది దాని వల్లనే.