రక్షణ పొందితే పాత బాకీ రద్దయినట్టేనా?

సాగరతీరం: ఆదివారం మా సంఘంలో బైబిల్లోని ఎఫెసీ పత్రిక 2:8-9 మీద వాక్యం చెప్పారు. రక్షణ, అంటే పాపాల నుంచి విడుదల, దేవుడి కృపవల్లే, మనం చేసే క్రియలవల్ల కాదని. అక్కడితో ఆపేశారు. సత్‌క్రియల కోసమే మనల్ని సృష్టించాడని 10వ వచనంలో ఉంది కదా! బతుకు మారకపోతే అదేం రక్షణ?

పాతచెరువు: యేసు పక్కన సిలువ మీద ఉన్న దొంగ ఏ సత్‌క్రియ చేశాడు బ్రదర్? బాప్తిస్మం కూడా లేదు, పరదైసు (స్వర్గం) దొరికింది. క్రియలు కలిపితే ఇక కృప కాదు. రోమా 11:6.

సాగరతీరం: ఆ దొంగకి టైమ్ లేదు. మనకుంది. యాకోబు 2:17 చూడండి, క్రియలు లేని విశ్వాసం మృతమని ఉంది.

గోంగూర: ప్రొటెస్టెంట్ ఉద్యమం మొదలుపెట్టిన లూథర్ 1522లో యాకోబు పత్రికని గడ్డి పత్రిక అన్నాడుగా 😀

సాగరతీరం: అదే ఏడు రోమా పత్రిక ముందుమాటలో, విశ్వాసం మంచి చేయకుండా ఊరుకోలేదనీ రాశాడు.

మల్లెపాదు: వచనాలు సరే. మా వీధిలో ఒకాయన చీటీలు నడిపి, అందరి డబ్బుతో ఉడాయించాడు. మాది డెబ్బై వేలు. నాలుగేళ్లకి బాప్తిస్మం తీసుకుని వచ్చాడు. మైకు పట్టుకుని ఏడుస్తూ సాక్ష్యం చెప్తుంటే మా అమ్మ చాప మీద కూర్చుని వింటోంది. బయట అడిగితే "పాతవి గతించెను సిస్టర్" అన్నాడు.

పాతచెరువు: ఒక్కడిని చూపించి సిద్ధాంతాన్ని తప్పంటే ఎలా? తీర్పు తీర్చకండి.

మల్లెపాదు: తీర్పెక్కడ తీర్చానండీ? డబ్బులడిగాను!

సాగరతీరం: సుంకాలు వసూలు చేసే జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. లూకా 19:8.

పాతచెరువు: ముందు యేసు అతని ఇంటికొస్తానన్నాడు. ఆ తర్వాతే జక్కయ్య ఆ మాటన్నాడు.

సాగరతీరం: "నేడు ఈ యింటికి రక్షణ వచ్చియున్నది" అని ప్రభువు అన్నది ఆ మాట విన్నాకే. 9వ వచనం.

పాతచెరువు: వరస మీరే తారుమారు చేస్తున్నారు!

మల్లెపాదు: ముందో వెనకో, ఇస్తానన్నాడా లేదా?

పాతచెరువు: చెప్పాల్సి వచ్చింది కాబట్టి చెప్తున్నా. మా నాన్న తాగి అమ్మ పుస్తెలు కూడా అమ్మేశాడు. అమ్మ పోయాక మారాడు. ఎవరికి తిరిగివ్వాలి? కృప అనే ఒక్క మాట పట్టుకుని కన్నుమూశాడు. తీరిస్తేనే రక్షణ అంటే ఆయనకి దారేది?

మల్లెపాదు: మీ నాన్నగారిని నేనేమీ అనలేదండీ. మీ అమ్మగారు లేరు, మా అమ్మ ఉంది. దేవుడు ఆయన్ని క్షమించాడేమో, నాకు అభ్యంతరం లేదు. మా బాకీ వదిలేసే హక్కు మాత్రం అమ్మదే.

పాతచెరువు: మత్తయి 18:23 నుంచి చదవండి, రాజు తన దాసుడి అప్పు మాఫీ చేసిన ఉపమానం. మాఫీ పొందినవాళ్లం మాఫీ చేయాలి.

మల్లెపాదు: చదివాను. అక్కడ మాఫీ చేసింది అప్పిచ్చిన రాజు. తీసుకున్నవాడు తనకి తానే మాఫీ చేసుకోలేదు.

గోంగూర: పాస్టర్ గారికి చెప్పారా అక్కా?

మల్లెపాదు: చెప్పాం. సాక్ష్యం చాలా దీవెనకరంగా ఉందన్నారు.